హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్లపై సైకిల్: ఆనందం ఎంత, ప్రమాదం ఎంత, దెబ్బ తగిలితే మీకు అండ ఎవరు?

హిందూపురంలో తెల్లవారుజామున సైకిలెక్కితే ఎండ ముదరకముందే లేపాక్షి నంది ముందుంటారు. లైసెన్సు అడిగేవారుండరు, పెట్రోలు ఖర్చుండదు, పార్కింగ్ బాధ ఉండదు. ఖర్చులేని ఆనందాల్లో ఇంతకు మించినది ఈ ప్రాంతంలో తక్కువే.

అయితే ఈ స్వేచ్ఛకు రెండో వైపు ఉంది. సైకిల్ తొక్కేవారిని చట్టం ఏ కాగితమూ అడగదు కాబట్టి, రోడ్డు మీద ఎలా ఉండాలో వారికి ఎవరూ నేర్పరు. బైకుకు, కారుకు తప్పనిసరిగా ఉండే బీమా సైకిల్‌కు ఉండదు. ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ పరిహారం దొరుకుతుందో చాలామందికి ఆసుపత్రి బిల్లు చేతికొచ్చాక గానీ గుర్తురాదు. అప్పటికి కొన్ని హక్కులు చేజారిపోయి ఉంటాయి.

శ్రీసత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాల మధ్య సరదాకు తొక్కేవారికైనా, షిఫ్టు డ్యూటీకి తొక్కేవారికైనా తెలిసి ఉండాల్సిన విషయాలివి.

ఈ దారుల్లో అంత ఏముంది?

హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. కొత్తగా మొదలుపెట్టినవారికి కూడా అందే దూరం. ఊరి రద్దీ దాటితే ఇరువైపులా రాతి గుట్టలు, పొలాలు. ఏకశిలలో చెక్కిన నంది, విజయనగర కాలపు వీరభద్రస్వామి ఆలయం చూసుకుని, టిఫిన్ చేసి, ఎండ పడేలోపు ఇంటికి చేరవచ్చు. ఇంకాస్త ముందుకెళ్తే కొడికొండ చెక్‌పోస్టు, 44వ నంబరు జాతీయ రహదారి. బెంగళూరు సైకిలిస్టులు వారాంతాల్లో లేపాక్షికి వచ్చేది ఇటువైపు నుంచే.

ఉత్తరం వైపు వెళ్తే సోమందేపల్లి మీదుగా పెనుకొండ. 1565 యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్నాక రాజధాని ఇక్కడికే మారింది. కొండ, కోట గోడలు, గగన్ మహల్ ఇప్పటికీ ఆ కథ చెబుతాయి. అక్కడి నుంచి ధర్మవరం. పట్టు చీరల ఊరు, పెద్ద చెరువున్న ఊరు. కొన్ని వీధుల్లో సైకిల్ దిగి నడిస్తే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. కారులో వెళ్తే ఇవేవీ కనిపించవు, వినిపించవు. గంటకు 18, 20 కిలోమీటర్ల వేగంలో ఊరూ తెలుస్తుంది, ఊళ్లో మనుషులూ తెలుస్తారు.

ఆరోగ్యం సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ అరగంట చొప్పున ఐదు రోజులు తొక్కితే ఆ లెక్క సరిపోతుంది.

వెళ్లేటప్పుడు సులువు, వచ్చేటప్పుడు కష్టం. ఎందుకు?

ఈ దారిలో కొత్తవారు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంది. ధర్మవరం సుమారు 350 మీటర్ల ఎత్తులోనే ఉంది. అంటే హిందూపురం నుంచి బయలుదేరితే మధ్యలో మిట్టలు వచ్చినా మొత్తం మీద పల్లానికే దిగుతారు. తిరుగు ప్రయాణమంతా ఎగువకే.

దీనికి గాలి తోడవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి బలంగా వీస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఆ బలం చూసే. హిందూపురం నుంచి ధర్మవరం వెళ్తుంటే ఆ గాలి వెనుక నుంచి నెడుతుంది. ‘ఈ రోజు కాళ్లలో భలే సత్తువ ఉంది’ అనిపిస్తుంది. వెనక్కి తిరిగాక అదే గాలి ఎదురు నిలుస్తుంది. పైగా అప్పటికి ఎండ నెత్తికెక్కుతుంది.

రెండు పట్టణాల మధ్య రోడ్డు మార్గం 80 కిలోమీటర్లకు పైనే. అలసిన మనిషి తూలుతాడు, అద్దం చూడడు, వెనుక హారన్‌కు ఆలస్యంగా స్పందిస్తాడు. అందుకే ప్రయాణాన్ని పోయే దూరంతో కాక, తిరిగొచ్చే దూరంతో కొలవండి. సగం నీళ్లు అయిపోతే అక్కడికే ఆపి వెనక్కి తిరగండి.

ఇంకో మార్గం రైలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు, గుంతకల్లు మార్గంలోనే ఉన్నాయి. సైకిల్‌ను లగేజీగా గానీ పార్శిల్‌గా గానీ బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో పంపవచ్చు. ఆ వసతి అన్ని రైళ్లలో, అన్ని స్టేషన్లలో ఉండదు. బయలుదేరే ముందు రోజే పార్శిల్ కార్యాలయంలో అడగండి.

హైవే మీద తొక్కవచ్చా?

యాక్సెస్ కంట్రోల్డ్ ఎక్స్‌ప్రెస్‌వేల మీద సైకిళ్లను నిషేధిస్తూ విడిగా నోటిఫికేషన్లు ఇస్తారు. బెంగళూరు, మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలో 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, మోటారు లేని వాహనాలు వెళ్లకూడదు. మన దగ్గర 44వ నంబరు రహదారి ఆ కోవలోది కాదు. దాని పక్క పల్లెలవారు సైకిల్ మీద ఆ రోడ్డెక్కక తప్పదు కూడా. ఎక్కడైనా నిషేధ బోర్డు కనిపిస్తే మాత్రం పాటించాల్సిందే.

తొక్కవచ్చు అన్నంత మాత్రాన తొక్కడం మంచిదని కాదు. లెక్క చూడండి. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డుపై కార్ల గరిష్ఠ వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. మీ వేగం 20 అనుకుందాం. తేడా 80. అంటే వెనుక 200 మీటర్ల దూరంలో ఉన్న కారు 9 సెకన్లలో మీ పక్కకు వచ్చేస్తుంది. అదే చిన్న రోడ్డుపై 50 వేగంతో వచ్చే బస్సుకు ఆ దూరం దాటడానికి 24 సెకన్లు పడుతుంది. డ్రైవర్ మిమ్మల్ని చూసి, ఆలోచించి, పక్కకు తిప్పడానికి దొరికే సమయం మూడో వంతుకు పడిపోతుందన్నమాట.

దెబ్బ తీవ్రత కూడా వేగంతో ఒక్కసారిగా పెరుగుతుంది. కారు ముందు భాగం తగిలిన పాదచారి చనిపోయే ముప్పు, వేగం 50 నుంచి 65కు పెరిగితే నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సైకిల్ మీద ఉన్న మనిషికీ చుట్టూ ఇనుప గోడ ఉండదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో సైకిళ్లపై వెళ్లేవారు సుమారు 3 శాతం. శాతంగా చిన్నదే. మనుషులుగా లెక్కపెడితే వేలల్లో ఉంటుంది.

హైవే తప్పనిసరైతే ఇవి పాటించండి:

- ఎడమ అంచున, తెల్ల గీత బయట ఉన్న షోల్డర్ మీదే ఉండండి. సర్వీస్ రోడ్డు ఉన్నచోట అదే ఎంచుకోండి.
- రాంగ్ సైడ్ వెళ్లవద్దు. యూటర్న్ దూరమని ఎదురుగా తొక్కేవారు చాలామంది. ఎదురెదురుగా వస్తే రెండు వేగాలు కలుస్తాయి. 80 తేడా కాస్తా 120 అవుతుంది.
- కూడళ్లలో రోడ్డు దాటాలంటే దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటండి.
- లారీ, బస్సు ఎడమ పక్కన ఆగవద్దు. డ్రైవర్‌కు అక్కడ మీరు కనిపించరు.
- ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కవద్దు. ఒకరి వెనుక ఒకరు వెళ్లండి.
- రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. వెనుక వచ్చేదాన్ని ముందు పసిగట్టేది చెవే.

చిన్న రోడ్లు సురక్షితమేనా?

వేగం విషయంలో హైవే కన్నా మేలు. కానీ వాటి ప్రమాదాలు వాటికున్నాయి.

పంట చేతికొచ్చే రోజుల్లో రోడ్డే కళ్లమవుతుంది. రాగులు, ఉలవలు, కందులు రోడ్డు మీద పరుస్తారు. వాహనాలు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పంట ఎత్తుకెళ్లాక కొన్ని రాళ్లు అక్కడే ఉండిపోతాయి. పగలు తప్పించుకోవచ్చు. చీకట్లో సన్నని టైరు ఆ రాయెక్కితే మనిషి కింద పడటం ఖాయం. గింజల మీద బ్రేకు వేసినా చక్రం జారుతుంది. అలాంటి చోట బ్రేకు ముందే వేసి, నెమ్మదించి, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటండి.

రెండోది ముళ్లు. రోడ్డు పక్క కంప కొట్టినప్పుడు ముళ్లు తారు మీద పడతాయి. పంక్చర్ కిట్, ఒక ట్యూబు, చిన్న పంపు దగ్గర లేకుండా ఊరు దాటవద్దు. మధ్యలో సైకిల్ షాపు దొరుకుతుందన్న నమ్మకం వద్దు.

మూడోది ట్రాక్టర్ ట్రాలీలు. వెనుక లైటు, రిఫ్లెక్టరు లేకుండా రోడ్డు అంచునే ఆపేసి ఉంటాయి. వేకువజామున తల వంచుకుని వేగంగా తొక్కేవారికి ఇదే పెద్ద గండం. గొర్రెల మంద ఎదురైతే దిగి నిలబడటమే మర్యాద, క్షేమం కూడా. మధ్యలోంచి దూరితే ఏ గొర్రె ఎటు దూకుతుందో కాపరికి కూడా తెలియదు.

నాలుగోది కుక్కలు. వేగం పెంచితే వెంటపడతాయి. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య అడ్డుపెట్టి నిలబడితే చాలాసార్లు వెనక్కి తగ్గుతాయి. కరిస్తే, చిన్న గాటైనా సరే, సబ్బుతో ధారగా నీళ్లు పోసి 15 నిమిషాలు కడగండి. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి యాంటీ రేబిస్ టీకా మొదలుపెట్టండి. మొదటి సూదితో ఆపేయవద్దు, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి.

హెల్మెట్, లైట్లు తప్పనిసరా?

మోటారు వాహనాల చట్టంలోని హెల్మెట్ నిబంధన బైకులకు, స్కూటర్లకు. పెడల్ తొక్కే సైకిల్ ఆ చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏవీ అక్కర్లేదు. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 60 కిలోల లోపు బరువు వంటి పరిమితులకు లోబడిన ఎలక్ట్రిక్ సైకిల్‌కూ ఇదే మినహాయింపు. అంతకు మించితే అది బండి కిందే లెక్క.

జరిమానా లేకపోయినా హెల్మెట్ పెట్టుకోవడానికి గట్టి కారణముంది. 40 అధ్యయనాలను కలిపి 2016లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, సైకిల్ హెల్మెట్ వాడినవారిలో తీవ్రమైన తల గాయాల అవకాశం 69 శాతం తక్కువ.

లైట్ల మాటకొస్తే, ముందు తెల్ల లైటు మీరు చూడటానికి, వెనుక ఎర్ర లైటు మీరు కనిపించడానికి. రెండింటిలో ఒకటే కొనే స్తోమత ఉంటే, వీధి దీపాలున్న దారిలో వెళ్లేవారు వెనుక లైటు కొనడమే మేలు. లారీ హెడ్‌లైటు కాంతి ముందుకు 50 మీటర్లే బాగా పడుతోందనుకోండి. లారీ 70 వేగంతో, మీరు 15 వేగంతో వెళ్తుంటే ఆ దూరం దాదాపు 3 సెకన్లు. ఎర్ర లైటు ఉంటే అంతకు ఎన్నో రెట్ల దూరం నుంచే డ్రైవర్ కళ్లలో పడతారు. కొత్త సైకిళ్లకు నాణ్యమైన రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. పాత సైకిల్‌కైతే మడ్‌గార్డుకు, పెడళ్లకు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి. ఒక టీ, వడ ఖర్చుతో అయిపోయే పని.

200, 300 కిలోమీటర్ల ‘బ్రెవే’ సవారీల నిర్వాహకులు రాత్రిపూట లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ లేనివారిని ముందుకు వెళ్లనివ్వరు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్‌కు ఆ జాకెట్ అవసరం వారికన్నా ఎక్కువే.

సైకిలిస్టుకు బాధ్యతలేమీ లేవా?

ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ పబ్లిక్ రోడ్డుపై ‘ఏ వాహనమైనా’ నిర్లక్ష్యంగా, ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నడపడం నేరమంటోంది. అందులో సైకిల్ కూడా వస్తుంది. మరోవైపు, 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగుల భద్రతపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని డ్రైవర్లను ఆదేశిస్తున్నాయి. రోడ్డు మీద మీకున్న చోటు ఎవరి దయాదాక్షిణ్యమో కాదు.

ప్రమాదం జరిగితే ముందు ఏం చేయాలి?

- 108కి ఫోన్ చేయండి. ఈ అంబులెన్స్ సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. ఉచితం. పోలీసులకు 112.
- జాతీయ రహదారిపై అయితే 1033కి కూడా చెప్పండి. జాతీయ రహదారుల సంస్థ నడిపే 24 గంటల హెల్ప్‌లైన్ ఇది. కిలోమీటరు రాయి మీద అంకె చెబితే త్వరగా చేరుకుంటారు.
- హెల్మెట్ గబగబా లాగవద్దు. మెడకు దెబ్బ తగిలి ఉంటే కదిలించడం వల్ల మరింత కీడు. శ్వాస ఆడకపోవడం వంటి అత్యవసరమైతే తప్ప అంబులెన్స్ సిబ్బంది వచ్చేదాకా ఆగండి.
- వాహనం నంబరు ఫొటో తీయండి. సైకిల్ పడి ఉన్న తీరు, టైరు గుర్తులు, చుట్టుపక్కల కెమెరాలున్న దుకాణాలు కూడా.

సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం చాలామందిలో ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. తీవ్రంగా గాయపడినవారిని తొలి గంటలో ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవారికి ఇచ్చే నగదు ప్రోత్సాహకాన్ని కేంద్రం 2025లో ‘రాహ్‌వీర్’ పథకం కింద 25,000 రూపాయలకు పెంచింది.

‘ఎందుకులే కేసు, ఏదో ఇస్తాం’ అంటే?

అసలు నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. బండి నడిపినవారు సైకిల్ రిపేరుకు రెండు వేలు, మందులకు మూడు వేలు చేతిలో పెడతారు. ఊరి పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు. పోలీసులకు చెప్పరు. వారం తర్వాత కాలు విరిగిందని, తలలో రక్తం గడ్డకట్టిందని స్కానింగ్‌లో తేలుతుంది. అప్పుడు అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

ఎఫ్‌ఐఆర్ లేకపోతే కింద చెప్పే పరిహారాల్లో ఏదీ సులభంగా రాదు. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడు ‘సైకిల్ మీద నుంచి పడ్డాడు’ అని కాక, ఏ వాహనం ఢీకొట్టిందో ఉన్నదున్నట్టు రాయించండి. ఆ ఒక్క వాక్యం మీద కేసు నిలబడుతుంది, పడిపోతుంది.

చికిత్సకు, పరిహారానికి డబ్బు ఎవరిస్తారు?

ప్రమాదం జరిగిన తీరును బట్టి దారి మారుతుంది.

1. మోటారు వాహనం ఢీకొట్టింది, తక్షణ చికిత్స కావాలి. 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స దొరుకుతుంది. సైకిలిస్టుకూ వర్తిస్తుంది. ఆసుపత్రిలో ఈ పథకం పేరు చెప్పి అడగండి.

2. వాహనం ఏదో తెలుసు. ఆ వాహనం థర్డ్ పార్టీ బీమాలో ‘థర్డ్ పార్టీ’ అంటే మీరే. మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. జిల్లా స్థాయి జడ్జీలే దీన్ని నిర్వహిస్తారు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు నివసించే చోట గానీ వేయవచ్చు. బెంగళూరులో ఉంటూ ఇక్కడ గాయపడినవారికి ఇది ఉపయోగం. ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా వేయాలన్నది చట్టంలోని గడువు. తప్పు ఎవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు కోరే 164వ సెక్షన్ ఒక దారి. నష్టం అంతకన్నా ఎక్కువని, తప్పు అవతలివారిదని చూపగలిగితే 166వ సెక్షన్ మరో దారి. రెండూ కలిపి తీసుకోలేరు. మీరు రాంగ్ సైడ్‌లో వచ్చారనో, చీకట్లో లైటు లేకుండా వెళ్లారనో తేలితే 166 కింద పరిహారం తగ్గవచ్చు. వెనుక లైటు విలువ ఇక్కడ కూడా తెలుస్తుంది.

3. ఢీకొట్టి వెళ్లిపోయారు, వాహనం దొరకలేదు. హిట్ అండ్ రన్ పరిహార పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు. దరఖాస్తు వెళ్లాల్సింది కోర్టుకు కాదు, రెవెన్యూ శాఖకు. ఆర్డీవో లేదా తహసీల్దార్ కార్యాలయంలో అడగండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధంగా ఉంచుకోండి.

4. గుంతలో, రాయి మీద, కుక్క అడ్డొచ్చి మీరే పడ్డారు. పైన చెప్పినవేవీ వర్తించవు. ఎందుకంటే ఇందులో మోటారు వాహనం లేదు. చాలామంది సైకిలిస్టులు గమనించని ఖాళీ ఇదే. దీన్ని పూడ్చుకునే చవక మార్గం ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాద మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. ఇది చికిత్స ఖర్చు ఇవ్వదు. చికిత్సకు అర్హత ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ, లేనివారికి సొంత ఆరోగ్య బీమా. బీమా కాలం జూన్ 1 నుంచి మే 31 వరకు. మేలో మీ ఖాతాలో 20 రూపాయలు కోత పడేలా చూసుకోండి.

సైకిల్ మీద డ్యూటీకి వెళ్తున్నారా?

హిందూపురం దగ్గర తూముకుంట పారిశ్రామికవాడలో, పెనుకొండ దగ్గర కియా, దాని అనుబంధ పరిశ్రమల్లో వేలమంది పనిచేస్తున్నారు. మీ జీతం నుంచి ఈఎస్‌ఐ కోత పడుతుంటే ఈ విషయం గుర్తుంచుకోండి. 2010లో చేసిన సవరణ ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో, పని నుంచి ఇంటికొచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగా గుర్తించింది. సమయం, దారి, పని మధ్య సంబంధం రుజువు కావాలి. సైకిల్ మీద మీరే పడినా ఇది వర్తిస్తుంది. కాబట్టి అదే రోజు యాజమాన్యానికి సమాచారం ఇవ్వండి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే, తేదీ, వేళ ఉన్న ఆధారం మిగులుతుంది.

రోడ్డే బాగోలేదు. ఎవరికి చెప్పాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. జాతీయ రహదారి అయితే 1033. రాష్ట్ర, జిల్లా ప్రధాన రహదారులైతే ఆర్ అండ్ బీ శాఖ. పట్టణ వీధులైతే మున్సిపాలిటీ. ఎవరిదో తేలకపోతే రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయండి, లేదా సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఫొటో, గుర్తులు, తేదీ జతచేసి రసీదు తీసుకోండి. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం, వైకల్యం సంభవిస్తే బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని 198ఎ సెక్షన్ చెబుతోంది. మీరు ముందే ఇచ్చిన అర్జీ రేపు ఎవరికో సాక్ష్యం కావచ్చు.

బయలుదేరే ముందు రెండు నిమిషాలు

- రెండు బ్రేకులు, టైర్లలో గాలి, గొలుసు చూడండి.
- వెనుక లైటు వెలుగుతోందా? పగలైనా మెరిసేలా పెట్టుకోండి.
- మార్చి నుంచి మే దాకా ఉదయం 9 లోపు ఇంటికి చేరేలా ప్లాన్ చేసుకోండి. కనీసం రెండు సీసాల నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తీసుకోండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా వెంటనే నీడకు చేరి సాయం కోరండి.
- ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పంపండి.
- పేరు, రక్తం గ్రూపు, ఇంటివారి నంబరు రాసిన చీటీ జేబులో పెట్టుకోండి. ఫోన్ లాక్ అయి ఉంటే ఆ చీటీయే మాట్లాడుతుంది.
- 108, 112, 1033 నంబర్లు ఇంట్లో అందరికీ తెలియాలి. పడిపోయిన రోజు ఫోన్ చేసేది మీరు కాకపోవచ్చు.